నిమిరే చెయ్యి

ఆమె పేరు గుర్తులేదు, చెయ్యే గుర్తుంది. బ్రాడీపేటలోని పిల్లల క్లినిక్‌లో ఉబ్బసం అదుపులో ఉందో లేదో అడిగే ప్రశ్నపత్రాలు రెండుండేవి. ఒకటి తల్లికి, ఒకటి బిడ్డకి. ఏది నమ్మాలో పోల్చి తేల్చే పని నాది.

మిరపకాయల తొడిమలు తీసే ఆ తల్లి దేనికైనా ఒకటే చెప్పేది. "పర్లేదండి. కాయల కాడ అందరం దగ్గుతాం కదా." చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి కూతురి వీపు నిమురుతూనే ఉండేది. కూతురు మాత్రం తన కాగితంలో ఏడుపు మొహం బొమ్మ మీద వేలు పెట్టింది. "ఊరికే అట్టా పెట్టిందండి" అంటూ తల్లి ఆ వేలు తీసేసింది.

మిర్చి సీజన్ అయ్యాక తల్లి ఒక్కతే వచ్చి, కూతురి ఇన్‌హేలర్ బల్ల మీద పెట్టింది.

"ఇందులో మందింకా ఉందండి. వేరే పిల్లలకివ్వండి."

ఆమె చెయ్యి పక్కనున్న ఖాళీ కుర్చీని నిమురుతోంది.