చిన్న బ్యాటరీ, పెద్ద ప్లగ్గు

శనివారం ఉదయం ఆరూ పదికి గుణదల నుంచి బయల్దేరాం. ముందు చిన్న బ్యాటరీ కారు, వెనక పెద్ద బ్యాటరీ కారు. రెండూ ఒకే మోడల్. చిన్నదాన్ని స్టాండర్డ్ అని, పెద్దదాన్ని లాంగ్ రేంజ్ అని అమ్ముతున్నారు. రెండింట్లోనూ నూటికి నూరు శాతం చార్జింగ్ ఉందని నా కళ్లతో చూసి, నోట్‌బుక్‌లో రాసుకున్నాకే కదలనిచ్చాను. ఎవరైనా ఒక అంకె చెబితే అది ఎవరికి లాభమో ముందు చూసుకోవడం ముప్పయ్యేళ్ల పత్రికా ఉద్యోగం నాకు నేర్పిన అలవాటు.

ఈ ప్రయాణం మా పక్కింటి పాస్టర్ సాల్మన్ గారి కోసం. ఆదివారం ఆయన మూడు ఊళ్లలో ఆరాధన జరిపించాలి. ఉయ్యూరు దగ్గర ఒకటి, బందరు దగ్గర ఒకటి, కోడూరు దాటాక సముద్రం వైపు మరొకటి. పాత డీజిల్ కారు మొన్నే మూలపడింది. సంఘం పోగుచేసిన చందాలకు స్టాండర్డ్ వస్తుంది. లాంగ్ రేంజ్ కావాలంటే ఇంకో ఏడాది ఆగాలి. స్టాండర్డ్ ఆ మూడో ఊరు వెళ్లి రాలేకపోతే, ఊరిని ఇంకెవరికైనా అప్పగించెయ్యమన్నారు పెద్దలు. పదహారేళ్లుగా ఆయన వెళ్తున్న ఊరది. జవాబు ఈ సాయంత్రం ఏడున్నరకి చెప్పాలి.

"మీరు కూడా రండి సార్. నేనైతే ఎవరేం చెప్పినా నమ్మేస్తాను" అన్నారాయన.

"అది మీ వృత్తి కదండీ" అన్నాను.

స్టాండర్డ్ కారు షోరూమ్ వాళ్లు ట్రయల్‌కి ఇచ్చింది, పాస్టర్ గారూ నేనూ అందులోనే. నడుపుతున్నది వాళ్ల ఉద్యోగి సౌజన్య, పామర్రు అమ్మాయి. మాటకి ముందు నవ్వుతుంది. అందుకే మొదటే అనుమానం వచ్చింది. లాంగ్ రేంజ్ మా తోడల్లుడు సుబ్బారావుది. వన్ టౌన్‌లో ఇనుప సామాను హోల్‌సేల్ కొట్టు. ఆ కారు కొన్న దగ్గర్నుంచి వేరే మాట మాట్లాడటం మానేశాడు.

ఆదివారం పాస్టర్ గారి వెంట పాటలు పాడేవాళ్లు ఇద్దరు ఉంటారు. వాళ్ల బరువుకి బదులు నాలుగు చిన్న బియ్యం బస్తాలు స్టాండర్డ్ డిక్కీలో వేయించాను. సౌజన్య వింతగా చూసింది.

"కంపెనీవాళ్లు కూడా ఇలా టెస్ట్ చెయ్యరండీ."

"అందుకే నేను చేస్తున్నానమ్మా."

ఏడూ ఐదుకి ఉయ్యూరు. చెరకు క్రషింగ్ అయిపోయి చక్కెర ఫ్యాక్టరీ గొట్టం ఖాళీగా నిలబడి ఉంది. బందరు రోడ్డు పక్కన ఇడ్లీ, అల్లం చట్నీ బాగున్నాయి. స్టాండర్డ్‌లో ఎనభై అయిదు శాతం ఉంది, లాంగ్ రేంజ్‌లో తొంభై ఒకటి. ఈ తొంభై ఒకటి నాకు నచ్చలేదు. కారు దిగిన సుబ్బారావు చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"ఏసీ వెయ్యలేదా?"

"వేస్తే నంబరు పడిపోద్ది అన్నయ్యా."

లాంగ్ రేంజ్ కొన్నవాడి పరిస్థితి ఇదీ. అక్కడి నుంచి అతనితోనూ ఏసీ వేయించాను.

మధ్యలో మొదటి ఊరి చర్చి చూసుకుని తొమ్మిదింబావుకి బందరు చేరాం. ఊరి మొదట్లో స్పీడ్ చార్జర్ ఉంది. ఫోన్లో చూస్తే ఖాళీ అని ఆకుపచ్చగా చూపించింది. నమ్మకండి. చార్జర్ పైన రేకుల నీడ ఉంది, ఆ నీడలో పూలదండలు కట్టిన పెట్రోలు కారు ఉంది. కాస్త పక్కకి తీయమని సౌజన్య అడిగితే డ్రైవరు సీట్లోంచి కదలకుండానే, "ఎండలో పెడితే ఎక్కగానే పెళ్లికూతురు కాలిపోద్దమ్మా. పెళ్లివాళ్లొచ్చాక తీస్తాలే" అన్నాడు. నలభై నిమిషాలు చూసి వచ్చేశాం. డెల్టాలో చార్జర్ ఉందా అని మాత్రమే చూసుకుంటే చాలదు, దాని మీద నీడ ఉందా అని కూడా చూసుకోవాలి.

బందరు దగ్గరి చర్చిలో ఇంకో గంట. తర్వాత చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. కాలవలకి నీళ్లు కట్టేసిన రోజులు, అడుగున బురద కూడా ఎండి నెర్రెలిచ్చింది. పన్నెండూ ఇరవైకి మూడో ఊళ్లో దిగాం. స్టాండర్డ్ ముప్పై ఏడు, లాంగ్ రేంజ్ అరవై ఒకటి. బందరు చుట్టూ తిరగకుండా తిన్నగా వెళ్తే తిరిగి వెళ్లాల్సింది తొంభై కిలోమీటర్లు. అప్పటిదాకా అయిన ఖర్చు చూస్తే స్టాండర్డ్‌కి కనీసం నలభై అయిదు ఉండాలి.

చర్చి పక్కన మరియమ్మ గారి ఇల్లు. సంఘంలో పెద్దావిడ. కారు తట్టుకునే పెద్ద ప్లగ్గు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, లోపలి గదిలో ఏసీది. సౌజన్య కిటికీలోంచి వైరు లాగుతుంటే తొంగిచూశాను. మంచం నిండా మినుముల బస్తాలు, ఏసీకి ప్లాస్టిక్ కవరు. పన్నెండూ ముప్పై అయిదుకి కారు మీద పచ్చ లైటు వెలిగింది. టైము రాసుకున్నాను.

వరండాలో భోజనం. మామిడికాయ వేసిన రొయ్యల కూర. వడ్డిస్తూనే ఆవిడ పాస్టర్ గారిని నిలదీసింది.

"పోయిన వారం ప్రార్థన అయ్యీ అవగానే కారెక్కేశారు. మా తమ్ముడికి ఒంట్లో బాలేదని చెబుదామని పరిగెత్తుకొస్తే, మీరు లేపిన దుమ్మే కనపడింది అయ్యగారూ."

"సాయంత్రం సిటీలో మీటింగ్ ఉంటుందమ్మా" అంటూ సాల్మన్ గారు కంచంలోకి చూశారు.

రెండూ ఇరవైకి కారు దగ్గరికి వెళ్లాం. ముప్పై తొమ్మిది.

"దాదాపు రెండు గంటలకి రెండు శాతమా? మీ షోరూమ్ లెక్కలన్నీ ఇంతేనా అమ్మాయ్?" నా గొంతు వీధిలోకి వినిపించి ఉంటుంది. సౌజన్య నవ్వు మాయమైంది. "నేను ముందే చెప్పా" అన్నాడు సుబ్బారావు.

"ఇది పనికిరాదండీ సాల్మన్ గారూ. ఈ ఊరు వదిలేస్తున్నానని పెద్దలకి చెప్పెయ్యండి" అన్నాను.

ఆయన కారు తలుపు పట్టుకుని నిలబడిపోయారు. వెనక గిన్నె కిందపడ్డ చప్పుడు.

"ఏ ఊరండీ వదిలేది?" మరియమ్మ గారు.

ఆవిడ ముందుకొచ్చింది.

"ప్లగ్గు నేనే పీకాను. ఉక్కకి మీరు తట్టుకోలేరని ఏసీ వేద్దామనుకున్నా. కారు ఎక్కడికి పోద్దిలే అనుకున్నా బాబూ." చెబుతూనే లోపలికి పరిగెత్తి మళ్లీ పెట్టింది. లైటు వెలిగేదాకా కారు ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

సౌజన్యకి క్షమాపణ చెప్పాను. "పర్లేదండీ. రోజూ ఎవరో ఒకరు తిడతారు. మీరైతే అంకెలు రాసుకుని మరీ తిట్టారు" అంది.

సుబ్బారావుకి ఆగే పనిలేదు, వెళ్లిపోయాడు. మేం ఆగాం. పాస్టర్ గారు మరియమ్మ గారి తమ్ముడి ఇంటికి వెళ్లి గంట కూర్చుని వచ్చారు. వచ్చేసరికి వరండాలో పదిమంది ఉన్నారు. ఒకావిడ కోడలితో పడటం లేదంది, ఒకాయన కొడుకు ఫోన్ ఎత్తడం లేదన్నాడు. మూడున్నరకి నలభై తొమ్మిది. నాలుగూ నలభైకి యాభై తొమ్మిది. కేబుల్ చుట్టేసి బయల్దేరాం. "మీరింకా అక్కడే ఉన్నారా?" అని ఇంటి నుంచి సుబ్బారావు ఫోన్.

ఆరూ ఇరవైకి ఉయ్యూరులో టీ. ఇరవై ఎనిమిది శాతం. ఏసీ వేసుకునే వచ్చాం, డిక్కీలో బస్తాలు అలాగే ఉన్నాయి. నోట్‌బుక్‌లో లెక్కలు సరిచూసుకుంటుంటే ఒకచోట ఆగిపోయాను.

"సాల్మన్ గారూ, మనం తిన్నది వరండాలో. ఆ గదిలో కూర్చోవడానికి చోటే లేదు. ఏసీకి కవరు తొడిగి ఉంది. ఆవిడ ఏసీ వెయ్యలేదండీ."

"తెలుసు సార్. కవరు నేనూ చూశాను." టీ తాగడం పూర్తిచేసి గ్లాసు పెట్టారు. "ఇక ఆదివారాలు మూడు గంటలు అక్కడే ఉంటానని చెప్పొచ్చాను. ఆవిడకి మళ్లీ ప్లగ్గు పీకే పని ఉండదు. మీటింగ్ వేళ మార్చమని పెద్దల్ని అడుగుతాను."

దార్లో ఆగే పని లేనివాళ్లు, ఆగితే నష్టమయ్యేవాళ్లు లాంగ్ రేంజ్ కోసం ఏడాది ఆగండి. వెళ్లిన చోట మూడు గంటలు కూర్చోగలిగితే స్టాండర్డ్ చాలు, పెద్ద ప్లగ్గు ఉందో లేదో ముందే కనుక్కోండి. కంపెనీని, షోరూమ్ అమ్మాయిని, తోడల్లుడిని, ఫోన్లో ఆకుపచ్చ రంగుని వరసగా అనుమానించాను. అన్నం పెట్టినావిడని అనుమానించాలని మాత్రం తోచలేదు.

ఏడూ పదికి గుణదల చేరాం. పదిహేను శాతం. సాల్మన్ గారు అటునుంచి అటే పెద్దల దగ్గరికి నడిచారు. బస్తాలు దింపిద్దామని డిక్కీ తీస్తే, నాలుగు బియ్యం బస్తాల పక్కన నా లెక్కలో లేని మినుముల బస్తా ఒకటి ఉంది.