మంచు మీద పొర్లుదండాలు

దమయంతికి నోరెక్కువ, జాగ్రత్త అంతకన్నా ఎక్కువ. కెనడాలో రెజైనాకు గంట దూరంలో ఉన్న రిజర్వాయర్ దగ్గర గేటు కాసే పని ఆమెది. చుట్టుపక్కల ఊళ్లకు తాగునీళ్లిచ్చే ఆ చెరువే వేసవిలో పడవలవాళ్లకీ, చలికాలంలో చేపలు పట్టేవాళ్లకీ ఆటస్థలం. చలికాలమంతా పొద్దున్నే చెరువు మీద గడ్డకట్టిన మంచుకు బెజ్జం వేసి మందం కొలవాలి, పల్చబడిన చోట ఎర్రజెండాలు పాతాలి. ఆరేళ్లుగా ఆమె పాతిన జెండా ఒక్కటీ తప్పలేదు. జెండాను లెక్కచెయ్యని మనుషులకు మాత్రం ఆమె ఏం చెయ్యగలదు?

మన పిల్లలు కాలేజీలకు తండోపతండాలుగా వచ్చిపడిన ఏడాది అది. మార్చిలో ఒక ఆదివారం ఉదయం భవిత వచ్చింది. దేశంలో దిగి మూడు నెలలైనా కాలేదు. స్నేహితులు కార్లో వెచ్చగా కూర్చుంటే, ఈవిడగారు వీడియో కోసమని జెండాలు దాటి పంపుహౌస్ వైపు నడిచింది. ఫిబ్రవరిలో ట్రక్కు వెళ్లిన చక్రాల గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయి. ట్రక్కును మోసింది నన్ను మోయదా అనుకుంది. పంపు అడుగునుంచి నీళ్లు లాగేస్తుంటే పైన మంచు డొల్లవుతుందని ఆ పిల్లకెవరు చెప్పారు!

మంచు ఫెళ్లుమంది. దమయంతి తాడు పట్టుకుని పరుగెత్తింది. విసిరిన తాడు పదడుగుల ఇవతలే పడింది. తను ఇంకో అడుగు వేస్తే ఇద్దరూ మునుగుతారు.

"పడుకో! నిలబడకు! బరువంతా ఒక్కచోట పడితే విరుగుతుంది!"

"భయమేస్తోంది ఆంటీ!" భవిత కాళ్ల చుట్టూ బీటలు పాకుతున్నాయి. పిల్ల కొయ్యబారిపోయింది.

"తిరుపతిలో పొర్లుదండాలు చూశావా?"

"మా అమ్మ పెట్టింది... నా వీసా కోసం."

"వీసాకి మీ అమ్మ పొర్లిందిగా, ప్రాణానికి నువ్వు పొర్లు! చేతులు చాపి పడుకో. నా వైపు రా!"

భవిత పడుకుంది. ఒక పొర్లు పొర్లింది. బీటల్లోంచి నీళ్లు ఉబికాయి. ఇంకో పొర్లు. దమయంతి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని చూస్తోంది. నాలుగో పొర్లుకు తాడు ఆ పిల్ల చేతికందింది.

దమయంతి ఒడ్డుకు లాగగానే పిల్ల చెంప ఛెళ్లుమనిపించింది. ఆ వెంటనే తన కోటు విప్పి కప్పింది.

అంతలో భవిత జేబులో ఫోన్ మోగింది. ఇండియాలో పడుకునే వేళకు వాళ్లమ్మ రోజూ చేసే వీడియో కాల్.

"ఒళ్లంతా ఆ మంచేంటే? పడ్డావా?"

దమయంతి ఫోన్ లాక్కుంది. పిల్లను ఇలాగేనా పెంచేదని కడిగేద్దామనుకుంది. తెరమీద ఆ తల్లి ముఖం చూసేసరికి ఆ తిట్లన్నీ మింగేసింది.

"పిల్ల బాగుందమ్మా. మీ దండాలు ఊరికే పోలేదు" అని చెప్పి, అక్కడే మంచులో చతికిలబడి ఏడ్చేసింది.