మిన్చో ఇంట్లో మోగిన బాయిలర్

కీచుమనే చప్పుడు వింటే మిన్చో ఆగలేడు. అది తలుపు చప్పుడా, బండి చక్రానిదా, ఎవరో ముసలాయన కట్టుడు పళ్ళదా అని చూడడు. కోటు జేబులోంచి చిన్న నూనె డబ్బా తీస్తాడు, మూతి వంచుతాడు, రెండు చుక్కలు వేస్తాడు. ఆ తర్వాతే "బాగున్నారా?" అని అడుగుతాడు.

సెవ్లియెవో ఊళ్ళో ఆయన నూనె తగలని తలుపు లేదు. మేనకోడలి పెళ్ళిలో ఫాదర్ పెళ్ళి కిరీటాలు ఎత్తి వధూవరుల తలల మీద పెట్టబోతుండగా చర్చి పక్కతలుపు కీచుమంది. "ఒక్క క్షణం ఆగండి ఫాదర్!" అని మిన్చో లేచాడు. పెళ్ళికొడుకు వంచిన తల వంచినట్టే ఉండిపోయాడు. ఫాదర్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. మిన్చో పైబందుకి రెండు చుక్కలు, కిందిబందుకి రెండు చుక్కలు వేసి, తలుపు తీసి, మూసి, మళ్ళీ తీసి, సంతృప్తిగా వెనక్కి వచ్చాడు.

"ఫాదర్, మీ ధూపం గొలుసు కూడా కొంచెం..."

"ముందు పెళ్ళి కానియ్యి నాయనా."

పెళ్ళయ్యాక ఆ ఫాదరే గొలుసు పట్టుకుని విందు బల్ల దగ్గరికి వచ్చాడు. అదీ మిన్చో పరపతి.

ఇక ఆయన సొంత పెళ్ళే నూనె చలవ. పెన్కా పుట్టింటి గేటు తీస్తే వీధి చివరికి వినబడేది. పెళ్ళీడు పిల్ల ఉన్న ఇల్లు కాబట్టి ఆమె తండ్రి ఆ గేటుని కాపలా కుక్కలా చూసుకునేవాడు. ఏదో పని మీద వచ్చిన మిన్చో ఆ అరుపు విని తట్టుకోలేక నూనె వేసేశాడు. ఆ రోజు నుంచి ఆయన ఎప్పుడొస్తున్నాడో, ఎప్పుడెళ్తున్నాడో ఆ ఇంట్లో ఒక్క పెన్కాకే తెలిసేది. ఒకరోజు తండ్రి వంటింట్లోకి వచ్చేసరికి కుర్రాడు బల్ల దగ్గర కూచుని కూరిన మిరపకాయలు తింటున్నాడు.

"నువ్వెప్పుడొచ్చావ్?"

"చాలాసేపయింది మావయ్యా. ఈ కుర్చీ కాలు కూడా చూడాలండీ, మూలుగుతోంది."

అలాంటి మనిషితో కాపురం చేసి పెన్కా నిశ్శబ్దానికి బాగా అలవాటు పడిపోయింది. వాళ్ళుండేది ఒక పాత మేడలో, పై అంతస్తులో. ఆ మేడలో తలుపులన్నీ వెన్నలో కత్తి దిగినట్టు తెరుచుకునేవి. ఎవరు ఎప్పుడు గదిలోకి వచ్చారో తెలియక జనం ఉలిక్కిపడి చచ్చేవాళ్ళు.

మేడ పెత్తనం గెర్గానా టీచరుది. బడినుంచి రిటైరయినా గొంతు మాత్రం రిటైరవలేదు. మధ్యాహ్నం రెండింటినుంచి నాలుగింటివరకూ ఎవరూ చప్పుడు చెయ్యకూడదన్న బోర్డు మెట్ల దగ్గర వేలాడదీసి, ఆ బోర్డుని ఎవరైనా సరిగా చదవట్లేదేమోనని మెట్ల మీద నిలబడి అరిచి మరీ చెప్పేది.

ఆ శరదృతువులో మిన్చో పక్కవాటాలోకి ఇస్క్రా అనే అమ్మాయి నెలల పిల్లాడితో అద్దెకు దిగింది. మొగుడు లారీ తోలుకుంటూ దేశాలు పట్టి తిరిగేవాడు. సామాను దింపుతుండగానే మిన్చో ఎదురెళ్ళి, పలకరింపుకన్నా ముందు పిల్లాడి తోపుడు బండి చక్రాలకి నూనె వేశాడు. చక్రాల చప్పుడు ఆగింది. బండిలో ఉన్నవాడి చప్పుడు ఆగలేదు.

పిల్లాడి పేరు బోయన్. కడుపునొప్పి పిల్లాడు. సరిగ్గా మధ్యాహ్నం భోజనాలు ముగిసి మేడంతా నడుం వాల్చేవేళకి రాగం అందుకునేవాడు. కింద వాటా దోబ్రి తాత ఏడుపు ఆపమని చెంచాతో నీళ్ళ గొట్టాన్ని టంగుటంగున కొట్టేవాడు. గెర్గానా టీచరు మెట్లెక్కి వచ్చేది.

"ఇదిగో అమ్మాయ్, బోర్డు చదివావా?"

"చదివానండీ. వాడికే చదవడం రాదు."

"హాస్యాలొద్దు. వచ్చే ఆదివారం మేడవాళ్ళందరం మీటింగు పెట్టుకుంటున్నాం. నీ సంగతి తేల్చేస్తాం. ఇల్లుగలాయనకి కబురు పంపితే వేరే ఇల్లు చూసుకోవాల్సిందే. మంచుకాలంలో ఇల్లు దొరకడం కష్టం, ముందే చెప్తున్నా."

ఇదే సమయంలో పెన్కా చిరకాల కోరిక తీరింది. ఎన్నో చలికాలాలు నేలమాళిగ నుంచి కట్టెలు మోసి మోసి ఆమె నడుం విల్లులా వంగింది. ఆఖరికి మిన్చో పొయ్యి పీకించి, గ్యాస్ బాయిలర్ పెట్టించాడు. నీళ్ళు కాచి గదిగదికీ గొట్టాల్లో పంపుతుంది, మీట తిప్పితే ఇల్లంతా వెచ్చన. మెకానిక్ కాలిన్ దాన్ని వంటింటి గోడకి బిగించి, వెలిగించి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, బాయిలర్ గొంతు సవరించుకుంది. తర్వాత రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు ఆడింది. ఆపైన దూడ తప్పిపోయిన గేదెలా అరిచింది.

"మిన్చో!" అని పెన్కా కేక పెట్టింది. కేక అనవసరం. ఆయన అప్పటికే చొక్కా చేతులు మడిచి, బాయిలర్‌కి చెవి ఆనించి నిలబడ్డాడు.

"గాలి చిక్కుకుంది దీనికి, పాపం," అన్నాడు. ఏదో తిప్పాడు, ఏదో వదిలాడు, బుస్సుమంది. చప్పుడు ఆగిపోయింది. బాయిలర్ పిల్లిలా గుర్రుమంటూ ఇంటిని వెచ్చబెట్టసాగింది. పెన్కా ఆ సాయంత్రం మొగుడికి ఇష్టమని జున్ను పెట్టి బానిత్సా రొట్టె కాల్చింది.

రెండురోజులు తిరిగేసరికి బాయిలర్ మళ్ళీ మొదలెట్టింది. ఈసారి గేదె కాదు, గేదెల సంత. అల్మారాలో గ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. పెన్కా మొగుడి వంక చూసింది. ఆయన పేపరు చదువుకుంటున్నాడు.

"వినబడట్లేదా?"

"వినబడుతోంది. కొత్తది కదా, అలవాటు పడాలి."

"అది అలవాటు పడాలా, మనమా?"

"ఇద్దరం."

పక్కింటివాళ్ళ గోడగడియారం టిక్కుటిక్కుమంటోందని వెళ్ళి నూనె వేసొచ్చిన మనిషి ఇతను. పెన్కా గభాలున ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

"కాలిన్‌ని పిలుస్తా."

"వద్దు వద్దు. కొత్త మిషన్ని ఊరికే కెలికితే గ్యారంటీ పోతుంది."

అక్కడితో ఆగినా బాగుండేది. సరిగ్గా మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన లేచి మీట ఇంకా పెంచేవాడు. బయట ఎండ కాస్తున్నా సరే. ఇల్లు రొట్టెల బట్టీలా కాగేది. పెన్కా లోపావడాతో కూచుని పళ్ళెంతో విసురుకునేది. కిటికీలు బార్లా తెరిస్తే చప్పుడు వీధిలోకి కూడా పోయేది.

"ఎండలో మంట పెట్టుకుని కూచోడమేంటయ్యా? నీకేమన్నా చలిజ్వరమా, పిచ్చా?"

"ఎముకల్లో చలి పెన్కా. వయసు."

మేడ మొత్తం మిన్చో గుమ్మం ముందు వరస కట్టింది. దోబ్రి తాత చెంచా వదిలేసి గరిటె పట్టుకున్నాడు. పాపం ఆయన కొట్టుడు ఆ మోతలో ఎవరికీ వినబడక స్వయంగా పైకి రావాల్సి వచ్చింది.

"ఏరా మిన్చో, ఇంట్లో బాయిలర్ పెట్టావా, రైలింజను పెట్టావా?"

"క్షమించు తాతా. ఇదిగో, ప్లమ్ పళ్ళ రకియా, ఇంట్లో కాచిన సారా. చెవులకి మంచిది."

"చెవుల్లో పోసుకోనా?"

"తాగు. చెవులు అవే మూసుకుంటాయి."

గెర్గానా టీచరు అయితే నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది. "నా తలుపుకి, నా కిటికీకి, ఆఖరికి నా కుట్టుమిషనుకి కూడా అడక్కుండా నూనె వేసినవాడివే! ఇప్పుడు నీ ఇంట్లో ఇంత మోతేంటి? నీ నూనె ఏమయింది?"

మిన్చో నేలచూపులు చూశాడు. "దీనికి నూనె పనిచెయ్యట్లేదు టీచరుగారూ."

ఊళ్ళో ఆయన పరువు గంగలో కలిసిందని పెన్కా బాధ. కూరగాయల దగ్గర ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు. "వైద్యుడి పెళ్ళానికే దగ్గట!" అని ఒకావిడ ఉల్లికాడలు ఏరుతూ అంది. పెన్కా ఉల్లికాడలు కొనకుండానే తిరిగొచ్చింది.

ఆదివారం మీటింగు మెట్ల మీదే జరిగింది. మిన్చోని తలా ఒక మాటా అన్నారు. గెర్గానా టీచరు గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడి, వారం తిరిగేలోగా బాయిలర్ బాగుచేయించాలని తీర్మానం చేసింది. ఎవరో "మరి ఇస్క్రా సంగతి?" అని గుర్తుచేశారు. "ఏ సంగతి? పొద్దు పోయింది, తర్వాత చూద్దాం," అని అందరూ భోజనాలకి లేచారు. అన్ని తిట్లు తిన్న మిన్చో మెట్లెక్కుతూ ఈల వేశాడు. పెన్కాకి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు మొగుడు బజారుకి వెళ్ళగానే ఆవిడ కాలిన్‌ని పిలిపించింది. కాలిన్ చెవుల్లో వేళ్ళు పెట్టుకునే వచ్చాడు. బాయిలర్ ముందు వంగి, చుట్టూ చూసి, ముందు రేకుని చేత్తో నొక్కాడు. మోత టక్కున ఆగింది. చెయ్యి తీశాడు. మళ్ళీ మొదలైంది.

"పిన్నీ, లోపల బ్రహ్మాండంగా ఉంది. గాలి ఎవరో శుభ్రంగా తీసేశారు. ఇది జబ్బు కాదు."

"మరి?"

"ఎవరో కావాలని చేసిన పని. ఈ ముందు రేకు బోల్టులు వదులు చేశారు. ప్రమాదమేం లేదు, ఊడిపోదు. మోగడానికి ఎంత కావాలో అంతే వదిలారు. చేసినవాడు మామూలోడు కాదు." బోల్టు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. "మరలకి నూనె కూడా వేశాడు."

పెన్కా పీట మీద కూలబడింది.

"బిగించెయ్యమంటావా?"

ఆవిడ తలూపింది. కాలిన్ పానాతో చకచకా బిగించాడు. వంటిల్లు నిశ్శబ్దమైంది. ఎన్నాళ్ళకో గడియారం వినబడింది, వీధిలో పిచ్చుకలు వినబడ్డాయి. కాసేపటికి గోడ అవతల ఒక చిన్న మూలుగు మొదలైంది. మూలుగు ఏడుపైంది, ఏడుపు ఆకాశాన్నంటింది. మధ్యలో ఇస్క్రా గొంతు: "ఆపరా నాన్నా, ఆపరా, పైకి వచ్చేస్తారు..."

సరిగ్గా అప్పుడే మిన్చో ఉల్లికాడల కట్టతో గుమ్మంలో నిలబడ్డాడు. నిశ్శబ్దాన్ని విన్నాడు. ఏడుపుని విన్నాడు. కాలిన్ చేతిలో పానాని చూశాడు.

"బిగించేశారా?" అన్నాడు నీరసంగా.

"నువ్వే వదులు చేశావా?" అంది పెన్కా.

మిన్చో ఉల్లికాడలు బల్లమీద పెట్టాడు. "ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతోంది పెన్కా. అడుగు వినబడితే తిడతారని. తలుపైతే బందుకి వేస్తాను. పసివాడికి నూనె ఎక్కడ వెయ్యాలో నాకు తెలీలేదు. అందుకని... మోత మనదైతే తిట్లూ మనకే కదా అని."

ఈలోగా తలుపు దబదబా మోగింది. ఇస్క్రా. చంకలో గుక్కపట్టిన పిల్లాడు, జుట్టు రేగిపోయి, ఒక కాలికే చెప్పు.

"బాబాయ్, మీ బాయిలర్‌కి ఏమైంది? ఎందుకాగిపోయింది?"

"బాగుచేశారమ్మా," అన్నాడు మిన్చో తప్పు చేసినవాడిలా.

"అయ్యో, ఎందుకు బాగుచేశారు? వీడు దాని మోతకే పడుకుంటాడు! మీరు మీట పెంచగానే ఆవలిస్తాడు. నేనూ పడుకుంటున్నాను. వీడు పుట్టాక నాకు నిద్రంటే ఏంటో తెలిసింది ఈ బాయిలర్ వల్లే!"

మిన్చో నోరు తెరిచాడు. "అంటే... ఇన్నాళ్ళూ వాడు ఏడవట్లేదా?"

"లేదే!"

"నేను వాడి ఏడుపు ఎవరికీ వినబడకూడదని..." అని నాలుక కరుచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇస్క్రా ఆయన్ని చూసింది, బాయిలర్‌ని చూసింది. ఆమె గడ్డం వణకడం మొదలెట్టింది.

"ఒక్కరిని ఓదార్చడమే చాలా కష్టంగా ఉంది, నువ్వు మొదలెట్టకు తల్లీ," అని పెన్కా లేచింది. "కాలిన్, ఆ పానా ఇలా ఇయ్యి."

"పిన్నీ, నేను బాగుచెయ్యడానికి వచ్చాను. చెడగొట్టించుకునేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా!"

"మాట్లాడకు. ఎటు తిప్పాలి?"

"ఎడమకి," అన్నారు మిన్చో, కాలిన్ ఒకేసారి.

పెన్కా తిప్పింది. గులకరాళ్ళు కదిలాయి. ఆవిడకి ఆ మోత చాలలేదు, కింది బోల్టు కూడా తిప్పింది. గేదెలు సంతకి తరలివచ్చాయి. బోయన్ ఏడుపు మధ్యలో ఆపి, గోడ మీది మిత్రుణ్ణి కళ్ళార్పకుండా చూసి, పెద్ద ఆవలింత తీసి, తల్లి భుజం మీద చెంప ఆనించేశాడు.

తెరిచి ఉన్న తలుపులోంచి గెర్గానా టీచరు దూసుకొచ్చింది. "ఆగింది కదా అని ఇప్పుడే నడుం వాల్చాను! మళ్ళీనా? మెకానిక్కు ఉండి కూడానా?"

కాలిన్ టోపీ తీసి గుండెల దగ్గర పెట్టుకున్నాడు. "టీచరుగారూ, ఇది మొండి జబ్బండీ. నాకు చేతనైంది చేశాను. ఎండలు ముదిరేదాకా తగ్గే యోగం కనబడట్లేదు."

గెర్గానా టీచరు మిన్చో మీదికి తిరగబోయి, ఇస్క్రా భుజం మీద నిద్రపోతున్న పిల్లాణ్ణి చూసి ఆగిపోయింది. ఆమె మొహం ఎప్పుడూ లేనంత మెత్తబడింది.

"ఇంత మోతలోనా? ఓరి నా బంగారుకొండా! ఈ గోల మనుషుల పక్కన ఎలా వేగుతున్నావే అమ్మాయ్?"

"అలవాటైపోయిందండీ," అంది ఇస్క్రా, పెదవి బిగబట్టి.

"నువ్వేం దిగులు పడకు. నిన్నెవరన్నా ఏమన్నా అంటే నాతో చెప్పు, నేను చూసుకుంటా." తర్వాత మొగుడూ పెళ్ళాల వైపు తిరిగి వేలు ఆడించింది. "ఈ పసివాణ్ణి చూసైనా బుద్ధి తెచ్చుకోండి! పక్కవాళ్ళతో ఎలా మసలుకోవాలో వీణ్ణడిగి నేర్చుకోండి!"

"అలాగే టీచరుగారూ," అని మిన్చో తల వంచుకున్నాడు.

పెన్కా కూడా ఆయన పక్కకి జరిగి బుద్ధిగా తల వంచుకుంది. తల వంచుకుంటేనే నవ్వు కనబడదు మరి.