గడ్డకట్టని ఎంజైమ్

2023 వేసవి. ఖమ్మంలోని ఒక కాలేజీ బయోటెక్నాలజీ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. అంతకుముందు ఎనిమిదేళ్ళు ఐస్ ఫ్యాక్టరీలో పనిచేశాను. చల్లదనం సంగతి నన్నడిగి తెలుసుకోవాలని కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం దిగిన రోజు గురించే చెప్తాను.

మా దగ్గర పరిశోధన చేస్తున్న నాగమణిది పర్ణశాల దాటాక అడవంచు గూడెం. వాళ్ళ అవ్వ సొరకాయ బుర్రలో బూడిద కలిపి దాచిన పాత జొన్న గింజలను నాగమణి తెచ్చింది. ఆ రకం ఇప్పుడు ఊళ్ళో ఎవరూ వేయడం లేదు. గింజలు మొలకెత్తలేదు. కనీసం డీఎన్‌ఏ అయినా చదివి, అది ఏ రకమో రాసిపెట్టాలని ఆమె పట్టుదల. కానీ పాతబడిన డీఎన్‌ఏ పోగు అక్కడక్కడ తెగి ఉంటుంది. అందుకే రెండు పరీక్షలు చేసినా ఏమీ కనబడలేదు. ఇక మిగిలినవి ఒక్క పరీక్షకు సరిపడా గింజలే.

తెగిన చోట అతికించే ఎంజైమ్ ఒకటుంది, లైగేజ్ అంటారు. బ్యాక్టీరియా తన డీఎన్‌ఏను బాగుచేసుకోవడానికి వాడుకునేదే. దాని జన్యువును ల్యాబ్‌లో పెంచే బ్యాక్టీరియాలో పెట్టి, తయారైనదాన్ని శుద్ధి చేసి అమ్ముతారు. అదే రీకాంబినెంట్ ఎంజైమ్. నెలన్నర ఎదురుచూశాక థర్మాకోల్ పెట్టెలో ఒక్క చిన్న వయల్, వేలెడంత సీసా, వచ్చింది.

మైనస్ ఇరవై డిగ్రీల ఫ్రీజర్‌లో నేనే పెట్టాను. మూడు గంటల తర్వాత చూస్తే ఇంకా ద్రవంగానే కదులుతోంది. పక్కనున్నవన్నీ రాళ్ళలా బిగిశాయి. దారిలో ఎండకు చెడిపోయిందని తేల్చేసి, వాపసు పంపడానికి బయటికి తీశాను.

అప్పుడే నాగమణి వచ్చింది. “ఏందన్నా, మొహం గట్ల పెట్టినవ్?”

“సరుకు ఖరాబైంది చెల్లె. ఫ్రీజర్ల పెట్టినా గడ్డ కట్టలే.”

ఆమె ముందు బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వింది. “గడ్డ కట్టొద్దనే దాంట్ల సగం గ్లిసరాల్ పోస్తరన్నా! ఐస్ ఫ్యాక్టరీ బుద్ధి ఇంకా పోలే నీకు.” అంతలోనే నవ్వు ఆగిపోయింది. “బయట ఎంతసేపు పెట్టినవ్?”

“బయటెక్కడ? ఐస్ బకెట్ల ఉంది. వాపసు పంపేదైనా, చెయ్యి దాటేదాకా చల్లగనే ఉండాలె గద, ఫ్యాక్టరీల అదే అలవాటు.”

ఆమె బకెట్ చూసి ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మిగిలిన గింజల డీఎన్‌ఏను ఆ ఎంజైమ్‌తోనే అతికించి, మూడో రోజు జెల్‌ను వెలుతురు మీద పెట్టాం. జెల్ అంటే కరెంటు పెట్టి డీఎన్‌ఏను పరుగెత్తించే మెత్తటి పలక. డీఎన్‌ఏ ఉన్నచోట గీత మెరుస్తుంది. ఈసారి మెరిసింది, అంటే ఇక ఆ రకాన్ని చదవొచ్చు. నాగమణి కళ్ళు తుడుచుకుంటూ అవ్వకు ఫోన్ చేసి కోయభాషలో గలగలా చెప్పింది.

“ఏమంటున్నది అవ్వ?” అన్నాను.

“బుర్రల బూడిదేసి ఇన్నేండ్లు దాచింది నేనైతే, మీరు చేసిందేందీ అంటున్నదన్నా!”

తెలియని వస్తువు నేను అనుకున్నట్టు లేకపోతే, అది చెడిందనే ముందు తెలిసినవాళ్ళను అడగాలని ఆ వయల్ నాకు నేర్పింది. ఐస్ ఫ్యాక్టరీ అలవాటే పొరపాటు చేయించింది, ఆ అలవాటే కాపాడింది కూడా. నాగమణి అప్పుడు ఫ్రీజర్ తలుపుకు అంటించిన చీటీని నేను ఇప్పటికీ తీయలేదు: “గడ్డ కట్టకపోయినా మంచిదే. అన్నకు చెప్పండి.”