అత్తగారి మిషన్‌కి బండి కందెన

తెలివితక్కువ పని చేసినవాళ్లని చూసి లోకం నవ్వుతుంది. అది న్యాయం. నవ్వితే నవ్వనివ్వండి, నాకేం బాధ లేదు. కాని నిండా తెలివితక్కువతనంతో, ఎక్కడా కల్తీ లేకుండా, నా రెండు చేతులారా చేసిన ఘనకార్యాన్ని పట్టుకుని "అబ్బో, దాని తెలివే తెలివి!" అంటుంటే ఒళ్లు మండదూ? మా అత్తగారి కుట్టుమిషన్‌ని పట్టపగలు నేనెలా చంపానో మొత్తం చెబుతాను. విన్నాక తీర్పు మీరే చెప్పండి.

ఆ మిషన్ మా అత్తగారితో పాటే చింతలపూడి నుంచి కాపురానికొచ్చింది. నల్లటి నిగనిగలాడే ఒళ్లు, మెడ మీద బంగారు రంగు తీగెలు, కింద ఇనప పెడలు, పక్కన పెద్ద చక్రం, దానికో తోలు బెల్టు. మా మామగారికి కూడా ఆ ఇంట్లో అంత మర్యాద జరగలేదు. ఆయన భోజనం చేసి లేస్తే కండువా ఆయనే వెతుక్కునేవారు. మిషన్‌కి మాత్రం కుట్టడం అవ్వగానే అత్తగారు ముఖమల్ గుడ్డ కప్పేది.

నాకు చదువు అబ్బలేదు. బళ్లో నేను నేర్చుకున్నదల్లా కిటికీలోంచి చూడటమే. కాని సూదీ దారం చేతిలో పెడితే చాలు, లోకం మర్చిపోతాను. ఆ మిషన్ టకటక చప్పుడు వింటూ పక్క గదిలో బియ్యం ఏరుతుంటే నా కాళ్లు వాటంతటవే ఆడేవి. ఈ ఇంట్లో నాదంటూ ఒక్కటి ఉంటే అది ఆ మిషన్ కావాలని మొక్కని దేవుడు లేడు.

అడ్డమల్లా మా తోటికోడలు సుగుణక్క. ఆవిడది బాపులపాడులో కాపురం. టైలరింగ్ నేర్చుకుంది. సర్టిఫికెట్టు పటం కట్టించి, దేవుడి పటాల వరసలోనే పెట్టుకుంది. అగరొత్తి వెలిగిస్తే దానికీ ఒకసారి తిప్పుతుందని మా ఆయన అంటాడు. నేను చూడలేదు, అబద్ధం చెప్పకూడదు.

ఆ ఏడు మామిడికాయల కోతలప్పుడు అత్తగారి చూపు తగ్గింది. సూదిలో దారం ఎక్కించాలంటే నన్ను పిలవాల్సొచ్చేది. ఒకరోజు ముఖమల్ గుడ్డ మడతపెడుతూ అంది.

"వచ్చే ఆదివారం సుగుణ వస్తుందే వరం. ఇద్దరూ నా కళ్లముందు చెరో రవికా కుట్టండి. ఎవరి కుట్టు బాగుంటే మిషన్ వాళ్లది. తర్వాత నా మీద పడి ఏడవకూడదు."

"అక్క సర్టిఫికెట్టు ఉన్న మనిషి కదత్తయ్యా!"

"సర్టిఫికెట్టు కుడుతుందేంటే? కాలూ చెయ్యీ కదా కుట్టేది. ముందు చేత్తో చక్రం నీ వైపుకి తిప్పు, అది కదిలాక కాలు వెయ్యి. కాలు తొందరపడిందా, చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం పుటుక్కున తెగుతుంది. అది గుర్తుంటే చాలు."

ఇంతలో ఆవిడ పుట్టింటివైపు పెళ్లొచ్చి చింతలపూడి వెళ్లింది. శనివారం చీకటి పడ్డాకగాని రాదు. ఇల్లూ, గడ్డిలో మాగేసిన మామిడి రసాలూ, మిషనూ నాకు వదిలేసింది. అదే కదా అసలు తప్పు! పిల్లికి పాలకుండ అప్పగించినవాళ్లని ఎవరూ ఏమనరు, పిల్లినే అంటారు.

సాధన చేద్దామని కూచున్నాను. మిషన్ కీచుమంది. మళ్లీ తొక్కాను. మళ్లీ కీచు. ఈ కీచుమనే మిషన్ మీద పందెం ఎలా గెలుస్తాను? మిషన్ నూనె బుడ్డి చూస్తే అడుగున నాలుగు బొట్లున్నాయి. అత్తగారు నూనె వేసే తీరు నేనెరుగుదును. ఒక్కో కన్నంలో ఒక్కో చుక్క, సవతి పిల్లలకి నెయ్యి వడ్డించినట్టు. ఇన్నేళ్లూ పాపం ఆ మిషన్ అర్ధాకలితోనే బతికింది కాబోలనుకున్నాను.

ఇక్కడ నా పుట్టింటి సంగతి చెప్పాలి. మాది విస్సన్నపేట దగ్గర. మా నాన్న తోటలోంచి కాయలన్నీ ఎద్దుబండి మీదే తోలేవాడు. వరిగడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి ఇరుసుకి కందెన పెట్టడం చిన్నప్పట్నించీ నా పనే. 'కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం' అని మా నాన్న రోజూ అనేవాడు. మరి బండికీ చక్రమే, దీనికీ చక్రమే. బండికీ ఇరుసే, దీనికీ ఇరుసే. బండీ కీచుమంటుంది, ఇదీ కీచుమంది. ఇందులో నా తప్పెక్కడుందో చెప్పండి!

మా ఆయన అప్పుడే తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఏమండీ, మిషన్‌కి కందెన పెడుతున్నాను."

"అమ్మనడిగి పెట్టు."

"అడిగితే ఒక్క చుక్క చాలంటుంది."

"అయితే ఒక్క చుక్కే పెట్టు."

"మీకు మిషన్ల గురించి ఏం తెలుసండీ?"

"నాకేం తెలీదు. అందుకే ముట్టుకోను," అని తువ్వాలు భుజానేసుకుని వెళ్లిపోయాడు. చూశారా? గట్టిగా వద్దని ఒక్క మాట అన్నాడా? అనలేదు. రేపు ఎవరైనా అడిగితే సగం పాపం ఆయన ఖాతాలోనూ వెయ్యాలి.

కాయలు మాగెయ్యగా మిగిలిన గడ్డి బోలెడుంది. కాల్చాను. మసిలో అత్తగారి ఆముదం సీసా వంచి, ఆవకాయ కలిపినట్టు చేత్తో గుండ్రంగా కలిపాను. కనిపించిన ప్రతి కన్నంలోనూ అగ్గిపుల్లతో కూరాను. మిషన్ తలకాయ వెనక్కి వాల్చి, పొట్టలో ఏ ఇనపముక్క కదిలితే దానికల్లా పట్టించాను. సూది పట్టుకునే కడ్డీనీ వదల్లేదు. పసిపిల్లకి నలుగు పెట్టినట్టు పెట్టాను. తొక్కి చూశాను. కీచు పోయింది! కాస్త బరువుగా తిరిగిన మాట నిజమే. కడుపునిండా తిన్నవాళ్లు మెల్లగానే నడుస్తారు కదా అని సరిపెట్టుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కొత్త ఊరగాయకి ఎండ తగిలితే నూనె లోపలికి ఇంకుతుంది కదా, దీనికీ అంతే అనుకుని పనిమనిషి సాయం పట్టించి మిషన్‌ని వాకిట్లో పెట్టాను. రోహిణి ఎండ. రోళ్లు పగులుతాయంటారే, ఆ ఎండ. శనివారం దాకా అక్కడే ఉంచాను. వచ్చేపోయే ట్రాక్టర్లు రేపిన దుమ్మంతా దాని మీదే పడింది. సాయంత్రం లోపల పెట్టి, పైపైన తుడిచి, ముఖమల్ గుడ్డ కప్పాను. మళ్లీ తొక్కి చూశావా అని మాత్రం అడక్కండి. ముహూర్తానికి ముందు పెళ్లికూతుర్ని ఎవరైనా చూస్తారా?

ఆదివారం పొద్దున్నే సుగుణక్క దిగింది. ఒక్కత్తే కాదు, మిషన్ వేసుకుపోవడానికి ట్రాలీ ఆటో కూడా మాట్లాడుకుని మరీ వచ్చింది.

"ఆటో ఎందుకక్కా?" అన్నాను, తెలిసీ.

"తిరిగెళ్లేటప్పుడు బస్సులో మిషన్ ఎక్కించరు కదే," అంది నవ్వుతూ. అప్పుడు చూడాల్సింది నా మొహం. ఎండుమిరపకాయలు నూరిన రోలులా ఉంది.

పెద్దకోడలు కాబట్టి ముందు తనే కూచుంది. మీగడ రంగు పట్టుగుడ్డ తెచ్చుకుంది. చక్రం మీద చెయ్యి వేసి తన వైపుకి లాగింది. కదల్లేదు. రెండు చేతులూ వేసింది. కదల్లేదు.

"ఇదేంటత్తయ్యా, ఎద్దు బురదలో కూలబడ్డట్టు ఉంది?"

"చేతి బలం చాలడం లేదేమోనే. కాలు కూడా వెయ్యి," అంది అత్తగారు.

సుగుణక్క రెండు కాళ్లూ పెడలు మీద పెట్టి బలమంతా వేసింది. పెడలు కిర్రుమంది. బెల్టు జారింది. లోపల ఎక్కడో గడ్డకట్టినదేదో పుటుక్కున విరిగి, సూది కడ్డీ మీద నుంచి నల్లటి ముద్ద ఒకటి తీరిగ్గా దిగి, మీగడ రంగు పట్టు మీద నడిమధ్యన కూచుంది. దిష్టిచుక్క పెట్టినట్టు.

కందెన వేసిన మిషన్‌కి కావలసినంత మౌనం!

అత్తగారు వేలితో ఆ ముద్ద తీసి వాసన చూసింది. "ఆముదం... గడ్డి మసి... ఇది బండి కందెన కదే!"

ఇద్దరూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

"అది... మిషన్ కీచుమంటోందని..." అన్నాను.

"కీచుమందని ఇరుసు కందెన పెడతారా ఎవరైనా?" అని లేచింది సుగుణక్క. "అత్తయ్యా, మీకు అర్థం కావడం లేదా? కుట్టులో నాతో నెగ్గలేనని తెలిసి, మిషన్‌నే పడగొట్టింది! కావాలనే చేసింది!"

"అయ్యో అక్కా, నా మొహానికి అంత తెలివా?"

"నీ మొహం చూసే ఇన్నాళ్లూ మోసపోయాం!"

"ఒట్టక్కా! తెలియకే చేశాను. నేను ఉత్త మొద్దునక్కా, ఎవర్నైనా అడుగు!"

"మొద్దులెవరూ మొద్దులమని చెప్పుకోరు. ఈ ఇనప దిమ్మ నాకొద్దు. పాత సామాన్లవాడికి వేసుకోండి," అని చీర కుచ్చిళ్లు దులుపుకుంది. ఖాళీగా వెళ్తే ఆటో బాడుగ దండగని రెండు గంపల రసాలు వేసుకుని మరీ వెళ్లింది. కోపం మిషన్ మీదే, మామిడిపళ్ల మీద కాదు.

అత్తగారు తిట్టలేదు. దానికే నాకు భయమేసింది. కిరసనాయిలు గిన్నె, పుంజు ఈక తెప్పించుకుని మిషన్ ముందు కూచుంది. ఒక్కో మర విప్పుతుంది, ఈకతో కడుగుతుంది, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూస్తుంది. నేను గుడ్డతో తుడిచి పెడుతున్నాను. నల్లటి నీళ్లు గిన్నెలు గిన్నెలు పారబోశాను. మర్నాటికి చక్రం కదిలింది. ఆ మర్నాటికి మిషన్ ఎప్పట్లా టకటకలాడింది. ఒక్కో కన్నంలో ఒక్కో చుక్క నూనె వేసి, నన్ను పిలిచి కూచోబెట్టింది.

"ఇది నీదేనే వరం."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "ఇంత పని చేశాక కూడా నా మీద దయ చూపించారత్తయ్యా!"

"దయేంటే?" అంది, గొంతు తగ్గించి, కన్ను గీటుతూ. "పెద్దది కుట్టడమే నేర్చుకుంది. నువ్వు బతకడం నేర్చుకున్నావు. పందెంలో ఓడిపోకుండా పందేన్నే ఎగ్గొట్టావు చూడూ, నా వయసు వచ్చేసరికి నన్ను మించిపోతావు."

కాదని చెప్దామని నోరు తెరిచాను. మిషన్ చూశాను. నోరు మూసుకున్నాను.

ఆ మిషన్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చుట్టుపక్కల రవికలన్నీ దాని మీదే కుడతాను. కాని రసాలు పండేవేళకి సుగుణక్క బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎద్దుబండి బొమ్మ పెడుతుంది, అందరూ "వరం తెలివి" అని నవ్వుతారు. మా ఆయన కూడా! తువ్వాలు భుజానేసుకుని వెళ్లిపోయిన ఆ మనిషి కూడా "మావిడ మామూలుది కాదు" అంటాడు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

అందుకే మిషన్ పెడలు మీద కాలు పెట్టి, చక్రం మీద చెయ్యి వేసి, అందరి ముందూ ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఏ తెలివితక్కువ పనీ ఒంటరిగా చెయ్యను గాక చెయ్యను. ముందు నలుగురిని పిలిచి మంచినీళ్లిచ్చి కూచోబెట్టి, "చూడండి, తెలియకే చేస్తున్నాను" అని మూడుసార్లు చెప్పి, వాళ్లు సరేనన్నాకే మొదలుపెడతాను.