రిజిస్టరు పెళ్లికి ముందు ఒక పన్ను

మా చెల్లెలు నలభై రెండో ఏట రెండో పెళ్లికి సిద్ధపడింది. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు, శుక్రవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసాలు ఇంట్లోనే ఫలించాయని పొంగిపోయాను. పెళ్లికొడుకు ఓడ ఉద్యోగి. శనివారం ఓడెక్కితే మళ్లీ నెలకు గాని పోర్ట్‌బ్లెయిర్ రాడు.

ఫొటోల కోసం చెల్లెలు పళ్లు తెల్లగా చేయించుకుంది. అన్నీ మెరిశాయి గాని, విరిగిన ముందు పన్నుకు ఎప్పుడో పెట్టించుకున్న అతుకు పసుపుగానే మిగిలింది. అతుకు తెల్లబడదట. బుధవారం ఇద్దరం జంగ్లీఘాట్‌లో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

"ఇప్పుడే కొత్త అతుకు వేస్తే నిలవదు దీదీ. తెల్లబరిచిన మందు తాలూకు ఆక్సిజన్ పన్నులో ఇంకా ఉంటది, జిగురుని గట్టిపడనివ్వదు. రెండు వారాలు ఆగితే దానికదే పోతది."

"రెండు వారాలకి ఆయన సముద్రంలో ఉంటాడు," అంది చెల్లెలు.

"అయితే ఒక జెల్ ఉంది. విటమిన్ సి తోటి చేసింది. బస్, పది నిమిషాలు రాసి కడిగేస్తే ఆ ఆక్సిజన్‌ని లాగేస్తది."

నాకు చిర్రెత్తింది. ఆటోలకు వేలాడే నిమ్మకాయల మీద ఇరవై ఏళ్లుగా పోట్లాడుతున్నవాణ్ణి.

"చివరికి పంటికీ నిమ్మకాయేనా? దిష్టి కూడా మీరే తీస్తారా?"

"నిమ్మపులుపు పన్నుని తినేస్తది భయ్యా. ఇది పులుపు లేని లవణం. పీకిన పళ్ల మీద పరీక్షలు చాలా చేశారు. నోట్లో ఎన్నేళ్లు నిలుస్తదో గ్యారంటీ నహీ. రంగు తేడా వస్తే మళ్లీ చేద్దాం."

తెలిసింది తెలిసిందనీ, తెలియనిది తెలియదనీ చెప్పమని నేను ఊరందరితో వాదిస్తాను. ఈవిడ సరిగ్గా అదే చేస్తే మింగుడుపడలేదు. నిమ్మకాయ పేరు తగలగానే నా బుద్ధి తలుపు వేసుకుంది. "పెళ్లినే వచ్చే నెలకు వాయిదా వేద్దాం," అనేశాను.

"ముహూర్తాలొద్దన్న మనిషివి, ఇప్పుడు నువ్వే తేదీ పెడతావా అన్నయ్యా? పన్ను నాది, పెళ్లి నాది. నువ్వెళ్లి బయట కూర్చో."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. నేను బయట కూర్చున్నాను.

శుక్రవారం అందరూ రిజిస్టరు వైపు చూస్తుంటే నేను చెల్లెలి నోటివైపు చూశాను. ఫొటో తీసేవాడు అడగకముందే నవ్వింది. అతుకు ఎక్కడ మొదలైందో ఎంతకీ కనిపెట్టలేకపోయాను.

"వెతుకు అన్నయ్యా," అంది, "నీకు రుజువులు కావాలి కదా."