మునిరత్నం నేయని పంచె

నా నోటి నుంచి వచ్చిన ఒక మాటను ఆరేళ్లుగా మోస్తున్నాను. ఆ మాట ఇది: "నేను నమ్మినాను స్వామీ. ఇట్లా చేస్తాడనుకోలేదు."

తిరుపతిలో నా చేనేత బట్టల దుకాణంలో, ఉదయం పదకొండు గంటల వేళ, మునిరత్నం ముందరే ఆ మాట అన్నాను. అతను నగరి నేతగాడు. నాకు పంచెలు నేసి ఇచ్చేవాడు. బల్ల మీద ఒక పంచె పరిచి ఉంది. దానికి కట్టిన అట్టముక్క మీద అతని పేరుంది. ఎదురుగా కుర్చీలో ఆచార్యులవారు. గుడి కైంకర్యంలో జీవితమంతా గడిపిన పెద్దాయన. ఎన్ని ఉతుకులైనా ఈ పంచె మెత్తబడలేదు, ఇది చేనేత కాదని నా ఒంటికే తెలుస్తోంది, అని ఆయన కోపం.

"ఏమప్పా, ఇది నీ చేత్తో నేసిందేనా?" అని మునిరత్నాన్ని అడిగారు.

మునిరత్నం నావైపు చూశాడు, నేను చెబుతానని. నేను చెప్పిందేమిటో పైన రాశాను.

ఆ పంచె మరమగ్గం మీద నేసిందని నాకు ఖాయంగా తెలుసు. తెప్పించింది నేనే.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. ఇరవై ఏళ్లు ఒక దినపత్రికలో జిల్లా వార్తలు దిద్ది, అది మానేసి ఈ దుకాణం తెరిచాను. మొదటి ఏడాది గడవడమే కష్టమైంది. రెండో ఏడాది, ప్రతి పంచెకూ నేసినవాళ్ల పేరు రాసిన అట్ట కడితే ఎట్లా ఉంటుందని తోచింది. మునిరత్నం మగ్గం మీద కూర్చుని ఉండగా ఫొటో తీసి, కింద నాలుగు వాక్యాలు రాశాను. రాయడం నాకు తెలిసిన పని. ఆ ఫొటో ఫోన్లలో ఎక్కడెక్కడికో పోయింది. చెన్నై వాళ్లు, బెంగళూరు వాళ్లు అడగడం మొదలుపెట్టారు. అందరికీ మునిరత్నం నేసిన పంచే కావాలి.

అతను వంచిన నడుము ఎత్తకపోయినా రెండు రోజులకు ఒక్కటి. ఆలస్యమవుతుందని నేను చెప్పి ఉండొచ్చు. ఇంకొందరు నేతగాళ్లను వెతుక్కుని, వాళ్ల పేర్లు వాళ్ల పంచెలకు కట్టి ఉండొచ్చు. దుకాణం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది, వచ్చినవాళ్లకు లేదనే మాట నోటికి రాలేదు. రాలేదా, రానివ్వలేదా? నగరిలోనే, అతని ఇంటికి రెండు వీధుల అవతల, మరమగ్గాల మీద అదే అంచుతో పంచెలు నేయించాను.

ఒక్క తేడా మిగిలింది. చేమగ్గం మీద బట్ట ముడుచుకుపోకుండా రెండు అంచులకూ ముళ్లు దిగేలా ఒక బద్ద బిగిస్తారు. ఆ ముళ్లు దిగినచోట అంచుల వెంట సన్నటి చిల్లులు పడతాయి. తెలిసినవాళ్లు బట్టను వెలుతురుకు ఎత్తి చూసేది వాటికోసమే. నేను తెప్పించిన పంచెలకు అవి లేవు. సూదితో గుచ్చాను. దుకాణం వెనక గదిలో, మధ్యాహ్నాలు, నేనే కూర్చుని. అటు మూడు, ఇటు మూడు, అచ్చుతప్పులు దిద్దినంత శ్రద్ధగా. తర్వాత అతని పేరున్న అట్ట కట్టాను.

దొరికిపోతే నింద ఎవరి మీదికి పోతుందో అప్పుడు ఆలోచించలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. అట్ట మీద ఉన్నది నా పేరు కాదు గదా అని అనుకున్న సంగతి నాకు బాగా గుర్తుంది.

ఆ రోజు మునిరత్నం వాదించలేదు. పంచె అంచును బొటనవేలితో కొంతదూరం తడిమాడు. రెండో అంచునూ తడిమాడు. మడతపెట్టి బల్ల మీద ఉంచి, బయటికి నడిచాడు. ఎందుకో మెట్ల దాకా వెంట వెళ్లాను. చెప్పులు తొడుక్కుంటూ, లోపలికి వినపడకుండా అన్నాడు.

"అన్నా, నా బద్దకు ఎడమ పక్క ఒక ముల్లు ఇరిగిపోయి ఐదేండ్లాయ. నా పంచెకు ఒక పక్క మూడుంటాయి, ఇంకో పక్క రెండే. గుచ్చేముందు నన్ను అడిగుంటే చెప్పుండేవాడ్ని గదా."

రెండో చెప్పు కూడా తొడుక్కున్నాడు.

"నువ్వు తీసిన ఫొటోలో కూడా కనపడతాది, సూడు. బాగానే తీసినావు."

ఈ మాట లోపల ఎందుకు అనలేదు? తను నేసిన ఒక్క పంచె పక్కన తెరిచి చూపిస్తే నా పని అయిపోయేది. నా పరువు కాపాడాలనుకున్నాడా? పేపరాయన మాట ముందు తన మాట చెల్లదనుకున్నాడా? లేక నేనే నోరు తెరుస్తానని చివరిదాకా ఎదురుచూశాడా? ఈ మూడోదే నన్ను నిద్రలోంచి లేపుతుంది. వార్తల్లో 'ద్రోహం' అన్న మాట కనిపిస్తే, మరీ పెద్ద మాటని కొట్టేసేవాణ్ని. ఇక్కడ కొట్టేయలేను.

ఆచార్యులవారు ఆ సంగతి తెలిసినవాళ్లందరికీ చెప్పారు. మునిరత్నం దగ్గర సరుకు తీసుకునే మిగతా రెండు దుకాణాలు మానేశాయి. నాకు మాత్రం, మోసపోయినా దాచకుండా ఒప్పుకున్న మనిషినని పేరొచ్చింది. ఆ పేరు మీదే రెండో దుకాణం తెరిచాను. సూది ఆ రోజుతోనే మానేశాను. ఆ సంగతి చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. ఆచార్యులవారు ఇప్పటికీ వస్తారు, కుర్చీలో కూర్చుని, ఆ నగరివాడు నిన్ను ముంచేశాడు నాయనా అంటారు. తల ఊపుతాను. ఆయనకు చెప్పడానికి ముందు మీకు చెబుతున్నాను. ఇంత రాశాక ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది. ఆ మేలు నాకొక్కడికే.

మునిరత్నం ఇప్పుడు తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో గేటు కాపలా కాస్తున్నాడు. కంపెనీ బస్సులో పోయి వస్తాడట. అతని పక్కింటి నేతగాడు పోయిన నెల చెప్పాడు. ఇంట్లో మగ్గం విప్పి అటక మీద పెట్టారట. కూర్చుని నేసేటప్పుడు కాళ్లు దించుకునే గుంట మాత్రం ఇంకా పూడ్చలేదట.